సున్నా నుంచి మొదలుకాని లెక్క

ఆఫీసులో ఆమెను ముందర మేడం అనేవారు, వెనకాల చిటపట అనేవారు. ఆ పేరు పెట్టిందెవరో కూడా ఆమెకు తెలుసు. అతడు రాసిన కోడు చూసి, దీన్ని నోరెత్తకుండా మింగిన కంపైలరుకు దండం పెట్టాలి అని ఆమె అన్నందుకు పెట్టాడు. నిజానికి ఆమె కోపం మనుషుల మీద తక్కువ, పనుల మీద ఎక్కువ. కానీ ఆ పనులు చేసేది మనుషులే కాబట్టి తిరిగి తిరిగి వాళ్ళకే తగిలేది.

ఆ కంపెనీ ఈత కొలనులకూ మంచినీళ్ళ ట్యాంకులకూ క్లోరిన్ మందు కొలిచి పోసే పంపులు తయారుచేసేది. గోడకు బిగించే చిన్న పెట్టె, లోపల ఒక బుల్లి కంప్యూటరు. మోటారు తిప్పడం, సెన్సారు చదవడం వంటి మోటు పనులు సి భాషలో ఉండేవి. ఏ కొలను వాళ్ళైనా తమకు కావలసినట్టు మార్చుకోవడానికి పైన సులువైన స్క్రిప్టు భాష ఉండేది. కింది సి భాషనూ పై స్క్రిప్టునూ కలిపే లైబ్రరీ ఒకటి మధ్యలో ఉంటుంది. అది ఆమె చేతికింది పని. దాన్ని మొదట రాసింది మాత్రం ఇప్పుడు సాంకేతిక విభాగానికి అధిపతిగా ఉన్న పెద్ద సారు. ఈమె వయసులో ఉన్నప్పుడు ఒంటిచేత్తో రాశానని ఆయన కొత్తగా చేరిన ప్రతివాళ్ళకూ చెప్పేవాడు. కట్టింది ఆయన, పగుళ్ళు పూడ్చేది ఈమె.

ఆ పగుళ్ళలో ఒకటి ఆమెకు చాలా ముందే కనబడింది.

ఆ స్క్రిప్టు భాషలో ఏ వస్తువైనా రెండు మెట్లలో పుడుతుంది. మొదటి మెట్టులో దానికి మెమరీలో చోటు దొరుకుతుంది. రెండో మెట్టులో, అంటే ఇనిషియలైజ్‌లో, దానికి మొదటి విలువలు పెడతారు. పెద్ద సారు మొదటి మెట్టులో ఉత్త చోటు మాత్రమే తీసుకుని, ఈ గంటలో ఎంత మందు పోశాం అనే లెక్కను సున్నా చేయడం లాంటి పనులన్నీ రెండో మెట్టుకు వదిలేశాడు. పంపు క్లాసును, అంటే పంపు వస్తువులన్నీ పుట్టే అచ్చును, ఉన్నదున్నట్టు వాడినంతకాలం ఏ ఇబ్బందీ లేదు. కానీ ఎవరైనా తమ మార్పులు చేర్చి దానికి పిల్ల క్లాసు రాసుకుని, అందులో సొంత ఇనిషియలైజ్ పెట్టుకుని, దాంట్లోంచి తల్లి క్లాసు ఇనిషియలైజ్‌ను పిలవడం మరిచిపోతే రెండో మెట్టు జరగనే జరగదు. అద్దె ఇంట్లో పాతవాళ్ళు వదిలేసిపోయిన చెత్త మధ్యే కొత్తవాళ్ళు దిగినట్టు, అంతకుముందు ఆ చోట్లో ఏ అంకె ఉంటే ఆ అంకెతోనే పంపు పని మొదలుపెడుతుంది.

ఆమె ఇది పెద్ద సారుకు చెప్పింది. తల్లిని పిలవడం పిల్ల క్లాసు రాసేవాడి బాధ్యత, డాక్యుమెంట్లో రాశాం అన్నాడాయన. మరిచిపోతే ఎర్రరు రావాలి గానీ పంపు తిరగకూడదు అంది ఆమె. ఇప్పుడు మారిస్తే పాత కస్టమర్ల స్క్రిప్టులు ఆగిపోతాయి, కొత్త పంపు విడుదల దగ్గర పడింది, తర్వాత చూద్దాం అన్నాడు. ఆ తర్వాత ఎప్పుడు అని ఆమె గొంతు పెంచింది. ఆ రోజు మీటింగు లైబ్రరీ గురించి మొదలై ఆమె గొంతు గురించి ముగిసింది. ఆడవాళ్ళకు అంత కోపం ఆరోగ్యానికి మంచిది కాదని ఎవరో సలహా కూడా ఇచ్చారు. ఆ తర్వాత కూడా ఆమె ఆ మాట ఎత్తుతూనే ఉండేది. వినేవాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకునేవారు.

ఆమె భర్త ఈత మాస్టారు. ఊరి ఈత కొలనులో పిల్లలకు ఈత నేర్పేవాడు. ఇల్లంతా క్లోరిన్ వాసన వేసేది. బాల్కనీ తీగ మీద ఆయన తువ్వాళ్ళు తప్ప ఇంకెవరి బట్టలకూ చోటుండేది కాదు. ఆయనకు కోపం రాదు. అదే ఆమెకు కోపం. పప్పు మాడినా, బస్సు తప్పినా, ఇంటి యజమాని నీళ్ళు కట్టేసినా సరేలే అనేవాడు. మీ కొడుకు కడుపులో ఉన్నప్పుడు ఏం తిన్నారు అత్తయ్యా అని ఆమె అడిగితే, నీకు మిగల్చకుండా చల్లటివన్నీ నేనే తినేశానమ్మా అనేది అత్తగారు.

ఆ రోజు ఆయన పొద్దున్నే వెళ్ళినవాడు మధ్యాహ్నం కాకుండానే ఇంటికొచ్చాడు. కళ్ళు ఎర్రగా వాచి, రెప్పలు సగమే తెరుచుకుంటున్నాయి. గొంతు బొంగురుపోయింది. పిల్లల బ్యాచి నీళ్ళలో ఉండగా కళ్ళు మంటలన్నారట. మొదట సరదాకి అంటున్నారనుకున్నాడు. తనకూ ముక్కు మండటంతో ఈల వేసి అందర్నీ పైకి పంపించాడు. ఎవరైనా మిగిలిపోయారేమోనని తను చివరిదాకా నీళ్ళలోనే ఉండి చూశాడు. కొందరు దగ్గారు, ఇద్దరు ముగ్గురు వాంతి చేసుకున్నారు. ఉబ్బసం ఉన్న ఒక పాపను మాత్రం ఆసుపత్రిలో చేర్చాల్సి వచ్చింది.

"ఏ పంపు?" అంది ఆమె.

అత్తగారు తడిగుడ్డ తెస్తూ గుమ్మంలోనే ఆగిపోయింది. "మొగుడి కళ్ళు చూడవే ముందు. పంపు ఎక్కడికీ పోదు."

ఆమె సిగ్గుపడి ఆ గుడ్డ అందుకుని ఆయన కళ్ళ మీద వేసింది.  ఆ కొలనులో ఉన్నది తమ కంపెనీ పంపే. భర్త రోజూ ఆ పెట్టె కింద నుంచే నడుస్తాడని ఆమెకు తెలుసు. గంటకు ఇంతకు మించి పోయకూడదనే హద్దు అందులో ఉంటుందనీ తెలుసు. ఆ హద్దు ఎలా దాటి ఉంటుందో కూడా, ఎవరూ చెప్పకుండానే, ఆమెకు సగం తెలిసిపోయింది.

మర్నాడే పంపు గది చూసుకునే మనిషిని పనిలోంచి పక్కన పెట్టారు. పిల్లలు ఆయన్ని మందు బాబాయి అనేవారు, నీళ్ళలో మందు కలుపుతాడు కాబట్టి. ఒకసారి ఈ పేరు విన్న, కొత్తగా చేరిన పిల్లాడి తండ్రి ఒకాయన, పసిపిల్లలున్న చోట తాగుబోతును పెడతారా అని కొలను కమిటీ మీదికి వచ్చాడు కూడా. ఆయన పూర్వం మోటార్లకు వైండింగు చుట్టేవాడు. స్క్రిప్టు రాయడం ఆ పంపు గదిలోనే, ఫోనులో కంపెనీ వాళ్ళను విసిగించి నేర్చుకున్నాడు. చిన్న పిల్లల కొలనుకు మందు తక్కువ పడాలని పంపు క్లాసుకు ఒక పిల్ల క్లాసు రాశాడు. అది కొన్ని వారాలు చక్కగా పనిచేసింది. ఆ రోజు చెడింది.

ఆఫీసులో పెద్ద సారు ఆమెను గదిలోకి పిలిచి తలుపు వేయమన్నాడు. కొలను కమిటీ వాళ్ళు శనివారం మీటింగు పెట్టారట. తను మాట్లాడతాడట, ఆమె పక్కన కూర్చుని ఒక్క మాట చెబితే చాలట: తల్లి క్లాసును పిలవాలని డాక్యుమెంట్లో ఉంది, ఆ మనిషి పిలవలేదు. పైగా నీళ్ళను కొలిచే సెన్సారు తుడవలేదు, దాని మీద పాచి పట్టి మందు తక్కువుందని చూపించింది. రెండు తప్పులూ అతడివే.

పాచి పట్టే రోజు కోసమే కదా హద్దు పెట్టింది, ఆ హద్దెందుకు ఆపలేదు అని ఆమె అడిగింది.

"నాకు తెలుసు, నీకు తెలుసు," అన్నాడు పెద్ద సారు నెమ్మదిగా. "వాళ్ళకి తెలియాల్సిన అవసరం ఏముంది? నువ్వు చెబితే నమ్ముతారమ్మా. మీ ఆయన కూడా అక్కడే పనిచేస్తాడు కాబట్టి ఇంకా నమ్ముతారు."

ఆ చివరి మాటకు ఆమెకు ఒళ్ళు మండిపోయింది. కానీ ఎందుకో అరవలేదు. ఆ పెట్టెలో నమోదైన వివరాలు తనకు కావాలంది, తీసుకోమన్నాడు. తన కుర్చీలో కూర్చుని చూసింది. ఆ పొద్దున కరెంటు పోయి వచ్చింది. పంపు మళ్ళీ మొదలయ్యేముందు బాబాయి కొత్తగా రాసుకున్న గ్రాఫు ప్రోగ్రాము నడిచింది, మెమరీని వాడుకుంది, వదిలేసింది. అది వదిలిన చోట్లోనే పంపు వస్తువు పుట్టింది. దాని లెక్క సున్నా నుంచి కాక, సున్నాకు ఎంతో కింద ఉన్న ఒక పిచ్చి అంకె నుంచి మొదలైంది. అంటే ఎంత పోసినా దానికి ఇంకా ఒక్క చుక్క కూడా పోయనట్టే. హద్దు చేరాలంటే కొలనులో నీళ్ళకు బదులు మందే ఉండాలి. అంతకుముందు వారాలన్నీ ఆ చోట్లో అదృష్టవశాత్తూ సున్నాలు ఉన్నాయి. అందుకే పనిచేసింది. అదృష్టం మీద నడిచిన పంపు కింద పిల్లలు ఈత కొట్టారు. ఆమె ఆ అంకెను చూస్తూ చాలాసేపు కూర్చుంది. కాఫీ తెచ్చిన అటెండరు కప్పు అక్కడ పెట్టి చప్పుడు చేయకుండా వెళ్ళిపోయాడు.

సాయంత్రం ఆఫీసు నుంచి నేరుగా బాబాయి ఇంటికి వెళ్ళింది. కింది అంతస్తులో ఒకటే పెద్ద గది. బల్ల మీద విప్పిన ఫ్యాను మోటార్లు, రాగి తీగ చుట్టలు. ఆయన తలుపు తీసి, లోపలికి రమ్మని గానీ వద్దని గానీ అనకుండా నిలబడ్డాడు.

"మీరు మాస్టారి భార్యగా వచ్చారా, కంపెనీ మనిషిగా వచ్చారా? ముందు అది చెప్పండమ్మా."

"రెండూ నేనే కదండీ."

"మాస్టారి భార్య అయితే కూర్చోండి. కంపెనీ మనిషి అయితే నిలబడండి."

ఆమె నిలబడే ఉంది. ఆయన చేతిలో ఉన్న తీగ చుట్ట బల్ల మీద పడేసి మాట్లాడాడు. డాక్యుమెంటు చదివాడట. ఆ ముక్క చివరెక్కడో, ఎవరికీ కనబడని చోట ఉందట. ముందర ఇచ్చిన ఉదాహరణలో తల్లిని పిలిచిన జాడే లేదు. అనుమానం వచ్చి కంపెనీకి ఫోను చేస్తే, పనిచేస్తోందిగా, ఇంకేం కావాలి అన్నారట. ఆయన గొంతు అంతకంతకూ పెరిగింది.

"నేను మోటార్లతో బతికినవాణ్ణి. వైండింగు తప్పు చుడితే అక్కడికక్కడే ఫ్యూజు ఎగిరిపోతుంది. తప్పు చేశావురా అని మొహం మీదే చెప్తుంది. మీ పెట్టె అలా కాదు. నా తప్పు కడుపులో పెట్టుకుని వారాల తరబడి నవ్వుతూ తిరిగింది. తిరిగి తిరిగి పిల్లల మీద పోసింది. సెన్సారు తుడవాల్సింది, తుడవలేదు. అది నా తప్పే, నెత్తిన వేసుకుంటాను. రెండోది మాత్రం వేసుకోను. ఎవరొచ్చి చెప్పినా వేసుకోను."

ఆమె తల ఊపింది. ఆయన ఆమె ముఖంలోకి చూశాడు.

"ఇది మీకు ముందే తెలుసా?"

"తెలుసు."

"తెలిసి ఊరుకున్నారా?"

"చెప్పాను."

"గట్టిగా చెప్పారా?"

"మరీ గట్టిగా చెప్పాను," అంది ఆమె. "అందుకే ఎవరూ వినలేదు."

 ఆయన కుర్చీ మీది మోటారు తీసి కింద పెట్టి, కుర్చీని ఆమె వైపు జరిపాడు. తన స్క్రిప్టు, గ్రాఫు ప్రోగ్రాము రెండూ ఇచ్చాడు. ఆ రోజు ఏది ముందు నడిచిందో, ఏది తర్వాత నడిచిందో అడిగిందల్లా చెప్పాడు. కాఫీ మాత్రం ఇవ్వలేదు.

ఇంటికొచ్చి ఆమె గిన్నెలు తోమింది. అంటే, గిన్నెల మీద పడింది. స్టీలు చప్పుడుకు పక్క వాటా వాళ్ళు కిటికీ వేసుకున్నారు. భర్త వంటింటి గుమ్మంలో నిలబడి, ఉద్యోగం పోతే పోనీలే అన్నాడు. మీకన్నీ పోనీలేనే, అంత సులువుగా అనకండి అంది ఆమె. అప్పుడు ఆయన గొంతు మారింది. అంతకాలం కాపురంలో ఆమె ఎప్పుడూ వినని గొంతు అది.

"నువ్వు అరిస్తే నాకెప్పుడూ కోపం రాలేదు. ఆ పాప దగ్గుతుంటే వీపు నిమురుతూ నేను కూర్చున్నాను. ఊపిరి అందక నా చొక్కా పట్టుకుంది. బాబాయిదే తప్పని శనివారం నువ్వు చెప్పి వస్తే మాత్రం, నాకు కోపం వస్తుంది. వస్తే ఏం చేస్తానో నాకే తెలీదు. ఎప్పుడూ రాలేదు కదా."

 హాల్లోంచి అత్తగారు పిలిచింది. గోడకు ఆనుకుని కూర్చుని అంతా వింటోంది.

"అమ్మాయ్, వాళ్ళ దగ్గర అరవకు. నువ్వు అరిస్తే నీ అరుపు గురించే మాట్లాడుకుంటారు. నెమ్మదిగా తిట్టు. నెమ్మదిగా తిడితే వినక చస్తారా? మీ మామగార్ని నేను అలాగే తిట్టేదాన్ని."

శనివారం మీటింగు కొలను పక్కనున్న ఆఫీసు గదిలో జరిగింది. కిటికీలోంచి ఖాళీ చేసిన కొలను కనబడుతోంది. అడుగున నీలం పలకలు ఎండకు వెలవెలబోతున్నాయి. కమిటీ అధ్యక్షురాలు పూర్వం హైస్కూలు హెడ్‌మిస్ట్రెస్. ఎదుటివాళ్ళు మాట్లాడుతున్నంతసేపూ కళ్ళద్దాల మీంచి చూస్తుంది. మందు బాబాయి గోడ పక్కన చేతులు కట్టుకుని కూర్చున్నాడు. ఈత మాస్టారు తలుపు దగ్గర నిలబడ్డాడు.

పెద్ద సారు చక్కగా మాట్లాడాడు. పిల్లలకు జరిగినదానికి ఎంతో బాధపడుతున్నామన్నాడు. పంపు తయారీలో లోపం లేదనీ, వాడే పద్ధతిలో పొరపాటు జరిగిందనీ, డాక్యుమెంట్లో స్పష్టంగా రాసి ఉందనీ అన్నాడు. మా నిపుణురాలు కూడా వివరిస్తారు అని ఆమె వైపు తిరిగాడు.

ఆమె లేచి వెంట తెచ్చిన పంపు పెట్టెను బల్ల మీద పెట్టింది. నీళ్ళున్న బకెట్టు ఒకటి కిందా, ఖాళీ గిన్నె ఒకటి బల్ల మీదా పెట్టింది. ఇది బాబాయి గారు రాసిన స్క్రిప్టే, ఒక్క అక్షరం మార్చలేదు, గంటకు ఒక గ్లాసు మించి పోయకూడదని హద్దు పెట్టాను అంది. నడిపింది. గిన్నెలో గ్లాసెడు నీళ్ళు పడగానే పంపు ఆగింది. ఆపి మళ్ళీ నడిపింది. మళ్ళీ గ్లాసు దగ్గర ఆగింది. పెద్ద సారు ముఖం తేటపడింది. బాగానే ఉందిగా అన్నాడు.

"వారాల తరబడి ఇలాగే బాగుంది సార్," అంది ఆమె. ఈసారి ముందు గ్రాఫు ప్రోగ్రాము నడిపి, అది ముగిశాక పంపును మొదలుపెట్టింది.

గ్లాసెడు నీళ్ళు పడ్డాయి. పంపు ఆగలేదు. గిన్నె సగమైంది. ఆమె చేతులు కట్టుకుని నిలబడింది. గిన్నె నిండి అంచు మీంచి బల్ల మీదికి పొర్లింది, బల్ల అంచు నుంచి కిందికి కారింది. పెద్ద సారు బూట్లు వెనక్కి తీసుకున్నాడు. కమిటీ సభ్యుడొకాయన తన ఫైలు ఎత్తి ఒళ్ళో పెట్టుకున్నాడు.

"ఎవరూ ఆపరేంటి?" అంది అధ్యక్షురాలు.

"ఆపాల్సింది దాని లోపలే ఉందండీ. దాని లెక్క ప్రకారం ఇంకా ఒక్క చుక్క కూడా పోయలేదు."

బాబాయి లేచి వచ్చి ప్లగ్గు పీకేశాడు.

తల్లి క్లాసును పిలిచి ఉంటే ఇలా అయ్యేది కాదు అన్నాడు పెద్ద సారు. ఆయన గొంతులో ఇప్పుడు మర్యాద తగ్గింది. ఆమె గొంతు అంతకంటే తగ్గింది. ఎంత తగ్గిందంటే వినడానికి అందరూ ముందుకు వంగారు.

"నిజమే సార్, పిలవలేదు. పిలవకపోతే ఈ పంపు మొరాయించాలి. తనకి విలువలు పెట్టారో లేదో తనకే తెలీని వస్తువు చేతికి మనం మోటారు ఇచ్చాం. పైన రాసేవాళ్ళు మరిచిపోతారు. మనుషులన్నాక మరిచిపోతారు. ఆ సంగతి తెలిసే కదా కింద మనల్ని పెట్టింది. చోటు తీసుకునేటప్పుడే సున్నా పెట్టి, ఇంకా సిద్ధం కాలేదని ఒక గుర్తు పెట్టుకుంటే సరిపోయేది. ఒక పూట పని. ఆ పూట మనకి దొరకలేదు. అందుకని ఈయన్ని దొంగని చేశాం."

"నువ్వు కోపంలో మాట్లాడుతున్నావు," అన్నాడు పెద్ద సారు.

"కోపంలోనే సార్. నీళ్ళు మాత్రం కోపంతో పొర్లలేదు."

అధ్యక్షురాలు కళ్ళద్దాలు తీసి పెద్ద సారును చూసింది. ఈవిడ ఈ సంగతి మీకు ముందే చెప్పారా అని అడిగింది. ఆవిడ చాలా విషయాలు చెబుతూ ఉంటుందండీ అన్నాడు. నేను అడిగింది ఇదొక్కటే అంది అధ్యక్షురాలు, వెనక బెంచీ పిల్లవాణ్ణి అడిగినట్టు. ఆయన జేబురుమాలు తీసి బూటు తుడుచుకున్నాడు. తుడుచుకుంటూనే, చెప్పింది అన్నాడు.

బాబాయిని మళ్ళీ పనిలోకి తీసుకున్నారు. సెన్సారు తుడవనందుకు మందలించారు, ఆయన తల వంచి ఒప్పుకున్నాడు. లైబ్రరీని సరిచేసే పని ఆమెకే పడింది. మొదటి మెట్టులోనే, అంటే చోటు తీసుకునేటప్పుడే, లెక్కను సున్నా చేసింది. ఏ పిల్ల క్లాసు రాసినా ఆ మెట్టు తప్పదు కాబట్టి ఇక దాన్ని ఎవరూ దాటిపోలేరు. దానితోపాటు ఒక గుర్తు పెట్టింది. తల్లి ఇనిషియలైజ్ నడిస్తేనే ఆ గుర్తు మారుతుంది, మారకపోతే మోటారును తాకే ఏ పనీ జరగదు, ఎర్రరు చెప్పి ఆగిపోతుంది.

కొత్త లైబ్రరీ అన్ని చోట్లకూ వెళ్ళిన వారమే కంపెనీ ఫోన్లు మోగడం మొదలుపెట్టాయి. ఈ కొలనులో పంపు ఆగింది, ఆ ట్యాంకు దగ్గర పంపు ఆగింది అని. చూస్తే చాలాచోట్ల అదే తప్పు. అందరూ ఆ ఉదాహరణ చూసే రాసుకున్నారు. ఇన్నాళ్ళూ వాళ్ళందరి పంపులూ అదృష్టం మీదే తిరిగాయి. ఫోన్లు ఎత్తేవాళ్ళు ఆమెను మనసారా తిట్టుకున్నారు. చూశావా, చెడిపోతాయని అప్పుడే చెప్పానా లేదా అన్నాడు పెద్ద సారు. చెడలేదు సార్, చెడి ఉన్నవి బయటపడ్డాయి అంది ఆమె. ఇంకో పదిచోట్ల ఆసుపత్రి దాకా వెళ్ళకుండా ఈ ఫోన్లే ఆపాయని ఆ గదిలో ఒక్కరైనా అంటారేమోనని చూసింది. ఎవరూ అనలేదు.

కస్టమర్లకు పంపిన ప్రకటనలో పెద్ద సారు ఈ మార్పును చిన్న మెరుగుదల అని రాశాడు. లోపం సరిచేశాం అని రాయమని ఆమె పట్టుబట్టింది. ఆ ఒక్క మాట కోసం ఆయన గదికి పదేపదే వెళ్ళింది. ఆ మాట పడలేదు గానీ, నెల తిరక్కుండానే ఆమెను లైబ్రరీ నుంచి తీసి శిక్షణ విభాగంలో వేశారు. పంపులు కొన్నవాళ్ళకు స్క్రిప్టులు రాయడం నేర్పాలట. ఇది గౌరవమైన పని అన్నారు. కంప్యూటరు, కుండీలో మొక్క, చలికోటు సర్దుకుని ఆమె కింది అంతస్తుకు దిగింది. మెట్ల మీద ఎదురైనవాళ్ళు తప్పుకుని దారిచ్చారు.

కొలను మళ్ళీ తెరిచిన రోజు ఆమె సెలవు పెట్టి వెళ్ళింది. పిల్లలు సగం మంది కూడా రాలేదు. ఆసుపత్రిలో ఉండి వచ్చిన పాప గట్టు మీద కూర్చుని కాళ్ళు మాత్రం నీళ్ళలో పెట్టింది. నడుం దాకా నీళ్ళలో నిలబడి ఈత మాస్టారు ఆ పాపతో ఏదో కబుర్లు చెబుతున్నాడు, దిగమని మాత్రం అనడం లేదు. పాప తల్లి ఆమె దగ్గరికి వచ్చింది.

"ఆ పంపు కంపెనీ వాళ్ళు మీరేనట కదా. చిన్న మెరుగుదల చేశామని రాశారు, కమిటీ వాళ్ళు చూపించారు. మెరుగుపడింది ఏది? మా పిల్ల ఊపిరా?"

"అది మెరుగుదల కాదండీ. మా పంపులో లోపం. అది ఉందని మాకు ముందే తెలుసు."

"మరి ఆ మాట ఎందుకు రాయలేదు?"

"రాయనివ్వలేదు."

"రాయనివ్వకపోతే నోటితో చెప్పొచ్చుగా," అంది ఆ తల్లి. ఆవిడకు ఇంకా చాలా అనాలని ఉంది, అంది కూడా. రాత్రిళ్ళు పిల్ల ఉలిక్కిపడి లేవడం గురించి, స్నానానికి నీళ్ళు పోస్తే ఏడవడం గురించి, మీలాంటి చదువుకున్నవాళ్ళ గురించి. ఎవరి మాటకైనా ఎదురుమాట చెప్పకుండా ఉండలేని చిటపట ఆ మాటలన్నీ నిలబడి విన్నది.  తన తరఫున చెప్పుకోవడానికి చాలా ఉంది. ఒక్కటీ చెప్పలేదు. అంత కోపం తనకు కాక ఇంకొకరికి ఉండటం, అది న్యాయమైన కోపం కావడం ఆమెకు ఎన్నడూ ఎదురుపడని అనుభవం.

సోమవారం కింది అంతస్తులో ఆమె మొదటి శిక్షణ తరగతి. నీళ్ళ ట్యాంకుల వాళ్ళు, కొలనుల వాళ్ళు, ఒక హోటలు వాళ్ళు వచ్చారు. పెద్ద సారు ఆహ్వానం పలికి వెళ్ళిపోయాడు. ఆమె తలుపు దగ్గరగా వేసి వాళ్ళ వైపు తిరిగింది.

"ఈ పంపులో లోపం ఉండేది," అంది. "దానివల్ల ఒక పాప ఆసుపత్రి పాలైంది. ఆ లోపం ఏంటో ముందు చెప్తాను, పంపు ఎలా వాడాలో తర్వాత చెప్తాను."

వెనక కూర్చున్న ట్యాంకు ఆయన, ఇలా చెబితే మీ కంపెనీ ఊరుకుంటుందా మేడం అని అడిగాడు. ఊరుకోదు అంది. నిజంగానే ఊరుకోలేదు. రెండు సార్లు పైకి పిలిచి మాట్లాడారు. ఆ మాట తీసేయమన్నారు, మెత్తగా చెప్పమన్నారు. ఆమె మెత్తగానే చెబుతున్నానని చెప్పి, తర్వాతి తరగతిలో మళ్ళీ అక్కడి నుంచే మొదలుపెట్టింది. ఉద్యోగంలోంచి తీసేస్తే బయట ఇంకెంత గట్టిగా చెబుతుందోనని వాళ్ళకు భయం. ఇప్పటికీ చెబుతూనే ఉంది. కోపం తగ్గిందా అని ఈత మాస్టారు అడిగితే, ఎందుకు తగ్గాలి అంటుంది.

ఆ మొదటి రోజు మాత్రం వచ్చినవాళ్ళందరి చేతా లాప్‌టాపులు తెరిపించింది. తల్లిని పిలవకుండా ఒక పిల్ల క్లాసు రాయమంది. రాసి నడిపితే అందరి తెరల మీదా ఒక్కసారే ఎర్రరు వచ్చింది. హోటలాయన కంగారుపడి దాన్ని మూసేయబోయాడు.

"మూయకండి," అంది ఆమె. "అది ఏమంటోందో పైకి చదవండి, అందరికీ వినబడేలా."

ఆయన కళ్ళజోడు సర్దుకుని చదవడం మొదలుపెట్టాడు.